మన మాంత్రికులు ఏ భాషలో మాటాడవలెను?

బాలసాహిత్యము మనవారికి రెండే సందర్భములందు జ్ఞప్తికి వచ్చును: సభలలో నిట్టూర్చుటకు, పత్రికలలో సంస్మరణము వ్రాయుటకు. “ఆహా, చందమామ! ఆ దినములిక రావు” అనుటతో మన కర్తవ్యము తీరినదని తలంచుచున్నాము. ఈ నిట్టూర్పువలన నేటి బాలునకు ఒక్క కథయు దక్కలేదు. నేటి బాలుడు కథను ముందు చూచి తరువాత చదువుచున్నాడు. కావున చందమామ ధారావాహికలను యానిమేషను చిత్రములుగా తీయుట తగునా యని యడిగినచో, తగునని నిస్సంశయముగా చెప్పెదను. అయితే ఎట్లు తీయవలెననుటయే ప్రశ్న. నా పక్షమును ముందే విన్నవించుచున్నాను. అవి మొదట తెలుగున వ్రాయబడవలెను, తెలుగున పలుకబడవలెను, ఆ పలుకును బట్టియే చిత్రింపబడవలెను. వేఱొక భాషలో తీసి తెలుగును పైపూతగా పూయుట మన కథలను మనకే పరాయివి చేయుట.

పూర్వవృత్తాంతమును కొంచెము స్మరింపుడు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మదరాసునుండి చందమామను తెలుగు, తమిళ భాషలలో వెలువరించిరి. పిదప నది కన్నడము, హిందీ మొదలగు భాషలకు వ్యాపించెను. 1954లో దాసరి సుబ్రహ్మణ్యముగారి ‘తోకచుక్క’ ప్రారంభమయ్యెను. దానివెంట మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము మొదలగునవి యేండ్ల తరబడి సాగినవి. ప్రతినెలయు కథ ఆపద యంచున నిలుచును. బాలుడు ముప్పది దినములు ఆ యంచుననే నిలుచును. ‘చిత్రా’గారి రంగుల బొమ్మలు ఆ లోకమునకు రూపము కల్పించెను. నాడు విశాఖజిల్లాలోనిదై నేడు అనకాపల్లిజిల్లాలో చేరిన కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్యగారు ముఖచిత్రములకు వన్నె తెచ్చిరి. ఇందు మనము గమనింపవలసిన విషయమొక్కటి కలదు. ఈ కథలు తెలుగున పుట్టి యితర భాషలకు పోయినవి. కన్నడ బాలిక, హిందీ బాలుడు తెలుగు మాంత్రికుని మాటలను అనువాదమున వినిరి. ప్రవాహము మననుండి వెలుపలికి పారినది.

ఇప్పుడా ప్రవాహమెటు పారుచున్నదో చూడుడు. బొమ్మలను కదలించు నేర్పు మనకు లేదని యెవ్వరును అనజాలరు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ను ప్రసారమునకు తెచ్చెను. ఆ నగరమందే పెరిగిన డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2010లో కిప్లింగు ‘జంగిల్ బుక్’ను, తరువాత బారీగారి ‘పీటర్ పాన్’ను ధారావాహిక చిత్రములుగా నిర్మించుటలో చేయి కలిపెను. కిప్లింగునందుగాని బారీయందుగాని నాకు ద్వేషము లేదు; వారిని నా విద్యార్థులకు చదివి వినిపించుచునే యున్నాను. ఆ శిల్పుల శ్రమ గౌరవింపదగినదే. కాని మౌగ్లీకి నడక నేర్పిన తెలుగునేల తోకచుక్క నేల కదలింపలేదు? తెలుగునేలపై పుట్టిన భీముడు తెలుగు బాలునితో అనువాదముననే యేల మాటాడుచున్నాడు?

విశాఖవాసులకు ఈ సంగతిని విశదముగా చెప్పనక్కఱలేదు. బైలదిల్లా యినుపఖనిజము మన రేవున ఓడలెక్కి జపానునకు తరలుట ఈ పట్టణము 1960ల దశాబ్దమునుండి చూచినదే. ఖనిజము తవ్వి పంపుటకంటె ఉక్కు పోయుట మేలని యెఱిగినందుననే “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అను కేక 1966లో నింగి ముట్టెను. 1971లో శంకుస్థాపన జరిగెను; 1992లో కర్మాగారము జాతికి అంకితమయ్యెను. ఇనుము విషయమున మేల్కొన్న జాతి కథ విషయమున నిద్రించుచున్నది. మన కథలు గనిలోనే యున్నవి. మన చేతులు పరుల కథలకు కూలికి పోవుచున్నవి.

“భాషదేమున్నది? హిందీలో తీసి తెలుగు చేర్చిన చాలదా?” యని కొందఱందురు. చాలదు. పరభాషలో పలికిన పెదవుల కదలికకు సరిపోవునట్లు తెలుగు మాటను కుదించుటయో సాగదీయుటయో తప్పదు. మన మాటలు చాలవఱకు అచ్చులతో ముగియును. తెలుగువాక్యము క్రియకొఱకు తుదివఱకు వేచియుండును. ఆ కొలతకు లోబడిన యనువాదకుడు అర్థమును బట్టికాక, నోరు మూయు క్షణమును బట్టి పదమును ఏరును. ఫలితమేమి? సామెత పోవును, సంబోధన పోవును. “ఓరీ”, “అయ్యా”, “నాయనా” అనువాని నడుమగల తారతమ్యము పోవును. అట్టి భాషను ప్రతిదినము వినిన పిల్లవాడు తరగతిలో వ్యాసము వ్రాయునపుడు ఆ కుంటివాక్యమునే వ్రాయును. ఎఱ్ఱసిరాతో దిద్దుపని మాది, చెడగొట్టుపని మఱియొకరిది.

“తెలుగున తీసిన గిట్టునా?” అని వర్తకుడు ప్రశ్నించును. చందమామయే యితనికి ఉత్తరము. ఇంకను వలసిన జపానును చూడవచ్చును. ఆంగ్ల రచయిత్రి డయానా విన్ జోన్సు 1986లో వ్రాసిన యొక మాయాకథను హయావో మియాజాకి 2004లో చిత్రముగా తీసెను. కథ ఆంగ్లమైనను అతడు దానిని జపానుభాషలోనే పలికించెను. లోకము తన తన భాషలలో తెచ్చుకొని చూచెను. పరుల కథకే ఆతడు తన నాలుకనిచ్చెను. మనము మన కథకైన ఈయజాలమా?

సంస్కారప్రియులు కొందఱు వేఱొక యాక్షేపము తెత్తురు: మాంత్రికులు, రాక్షసులు మూఢవిశ్వాసమును పెంచుదురట! గలివరు యాత్రలను అనుసరించి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ వ్రాసినది వీరేశలింగముపంతులవారే కదా. చందమామను దాదాపు మూడు దశాబ్దములు దిద్దినవారు హేతువాదియైన కొడవటిగంటి కుటుంబరావుగారు. కథలోని రాక్షసుడు కథ ముగియగానే చచ్చును. వానిని చంపినది తాయెత్తు కాదు, ఒక పిల్లవాని ధైర్యమని బాలునకు తెలియును. భయమును తీసివేసి, మాంత్రికుని విదూషకునిగా మార్చి, నడుమనడుమ పాటలను చొప్పించినయెడల ధైర్యమునకు తావెక్కడ?

కావున నేను కోరునది స్వల్పము. చందమామ 2007లో ముంబాయిలోని యొక కంపెనీ చేతికి పోయి, కొన్నియేండ్లకే నిలిచిపోయెను. మొదట హక్కులెవరివో తేల్చి, రచయితల, చిత్రకారుల వారసులకు న్యాయమైన పాలీయవలెను. ఒక నెల కథకు ఒక భాగము చొప్పున, ఆపద యంచున ఆపు ఆ పద్ధతిని చెడగొట్టక తీయవలెను. చిత్రాగారి గీతనే నమూనాగా గైకొనవలెను. సంభాషణ ముందుగా తెలుగున వ్రాయించి, తెలుగు గొంతులతో పలికించి, పిమ్మటనే పెదవులను గీయవలెను. ఆ పిమ్మట హిందీకేమి, జపానుభాషకేమి, ఎందుకైనను అనువదింపుడు. మా కభ్యంతరము లేదు.

ఇట్లు చేయుటకు మన ప్రభుత్వములు గాని, ధనవంతులు గాని, కళాకారులు గాని పూనుకొననియెడల నిట్టూర్చుటైనను మానుకొందుముగాక. ఇంటిలో ధాన్యముండగా బిడ్డను పస్తుంచినవాడు గాదె చుట్టు తిరిగి ఏడ్చిన నెవరు జాలిపడుదురు?