ఇంజిన్ గదికి నాలుగేళ్లు చాలవు

యుద్ధనౌకల ఇంజిన్ గదుల్లో పనిచేసే మెకానికల్ సిబ్బందికి విధించిన నాలుగేళ్ల కొలువు పరిమితిని కేంద్ర ప్రభుత్వం ఎత్తివేయాలి. ఈ పరిమితితో 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం పదాతిదళానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్న చర్చ మాజీ సైనికాధికారుల మధ్యనే ఇంకా తెగలేదు; ఆ చర్చను వారికే వదిలిపెట్టినా, నౌకాదళంలోని సాంకేతిక శాఖ విషయంలో తటపటాయించవలసిన పని లేదు. పుస్తకం చూసి నేర్చుకునేది కొంత, యంత్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడి నేర్చుకునేది అంతకు ఎన్నో రెట్లు ఉండే వృత్తి ఇది. ఇటువంటి వృత్తిలో పని చేతికి వచ్చే వేళకు నలుగురిలో ముగ్గురిని బయటకు పంపే ఏర్పాటు నౌకకూ నష్టమే, నావికుడికీ నష్టమే.

ఈ నష్టంలో ఉత్తరాంధ్ర వాటా చిన్నదేమీ కాదు. హౌరా–చెన్నై రైలుమార్గంలో ఉన్న కోటబొమ్మాళి నుంచి ఉత్తరానికి వెళితే ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున, నావికులకు తొలి శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ చిల్కా ఉంది; దక్షిణానికి సుమారు 150 కిలోమీటర్లు వెళితే 1968లో ఏర్పడిన తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రస్థానమైన విశాఖపట్నం వస్తుంది. వంశధార ఎడమ కాలువ శివారు భూములకు నీరు అందీ అందని పల్లెల్లో, ఎకరమో రెండెకరాలో ఉన్న కుటుంబం ఇంటర్ పాసైన కొడుకును ఆ రెండు ఊళ్ల మధ్యనున్న దారిలోనే ఊహించుకుంటుంది. టెక్కలి, నరసన్నపేట, కోటబొమ్మాళి ప్రాంతాల్లో తెల్లవారుజామున రోడ్ల వెంట పరుగు తీసే కుర్రాళ్లలో ఎంతమంది ఏ దళానికి వెళతారో చెప్పలేకపోయినా, వారి పరుగుకు కారణం దేశభక్తి ఒక్కటే కాదనీ, స్థిరమైన కొలువు కూడాననీ ఆ ప్రాంతం ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మెకానికల్ శాఖ పని ఏమిటో బయటివారికి తెలిసింది తక్కువ. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా మారిన కుర్సురా జలాంతర్గామిలోకి 2002 నుంచి లక్షలమంది వెళ్లి వచ్చారు. టార్పెడో గొట్టాల దగ్గర అందరూ ఆగుతారు, మూడు డీజిల్ ఇంజిన్ల మధ్య ఇరుకు దారిలో ఆగి, 75 మంది సిబ్బందిలో ఇక్కడ పనిచేసినవారు ఎలా ఊపిరి తీసుకున్నారని అడిగేవారు అరుదు. నౌకను నడిపే ప్రధాన యంత్రాలే కాక, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం, రాడార్లను చల్లగా ఉంచే శీతల యంత్రాలు, చుక్కానిని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థ, మంటలార్పే పంపులు అన్నీ ఈ శాఖ బాధ్యతే. యంత్రాన్ని నడిపి, కనిపెట్టుకుని ఉండే నావికుణ్ని మెకానిక్ అనీ, దాన్ని విప్పి లోపం పట్టి, అవసరమైతే లేత్ మీద విడిభాగాన్ని తయారుచేసి మళ్లీ బిగించగల నిపుణుణ్ని ఇంజిన్ రూమ్ ఆర్టిఫిషర్ అనీ అంటారు. వీరికి వృత్తివిద్య నేర్పే ప్రధాన కేంద్రం మహారాష్ట్రలోని లోనావాలాలో 1945లో నెలకొన్న ఐఎన్ఎస్ శివాజీ.

యంత్రాలు కూడా ఒక్క తీరువి కావు. 2010లో దళంలో చేరిన ఐఎన్ఎస్ శివాలిక్ తరగతి నౌకల్లో డీజిల్ ఇంజిన్లు, గ్యాస్ టర్బైన్లు రెండూ ఉంటాయి. మామూలు వేగానికి డీజిల్, వేగం పెంచవలసి వచ్చినప్పుడు టర్బైన్ పనిచేసేలా గేర్‌బాక్స్ ద్వారా మార్చుకునే ఈ పద్ధతిలో, ఆ మార్పిడి జరిగే కొన్ని క్షణాలు సిబ్బంది చాకచక్యానికి పరీక్ష. విశాఖ కేంద్రంగా ఉన్న ఐఎన్ఎస్ జలాశ్వ కథ దీనికి పూర్తిగా భిన్నం. 1971లో ట్రెంటన్ పేరుతో అమెరికా నౌకాదళంలో చేరి 2007లో భారత్‌కు వచ్చిన ఆ నౌక బాయిలర్లలో నీటిని మరిగించి, ఆ ఆవిరితో టర్బైన్లు తిప్పే పాత పద్ధతిది. అర్ధ శతాబ్దం దాటిన ఆవిరి యంత్రాల గుణదోషాలు తయారీదారు పుస్తకంలో సగమే దొరుకుతాయి. మిగతా సగం, వాటి దగ్గర పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసిన చీఫ్ పెట్టీ ఆఫీసర్ల చేతుల్లో ఉంటుంది.

వాచ్ అనే నాలుగు గంటల వంతులో మెకానిక్ చేసే పనిని దగ్గరగా చూస్తే ఈ మాటలో అతిశయోక్తి లేదని తెలుస్తుంది. చెవులకు రక్షణ లేకపోతే వినికిడిని దెబ్బతీసేంత మోతలో, గంట గంటకూ కందెన నూనె పీడనం, శీతలజలం ఉష్ణోగ్రత చూసి లాగ్ పుస్తకంలో రాయడం అందులో కనిపించే భాగం. నూనె పాలలా తెల్లబడిందంటే దానిలో నీరు చేరినట్టు. పంపు బేరింగ్ మీద చెయ్యి పెడితే నిన్నటికంటే ఎక్కువ కాలిందంటే అది రేపో మాపో పోయేటట్టు. క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ అడుగున క్రాంక్ షాఫ్టు తిరిగే పెట్టెలో వేడికి నూనె పొగమంచులా మారి ప్రమాదఘంట మోగినప్పుడు, తలుపు తీసి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. తీస్తే గాలి చొరబడి పేలుడు జరగవచ్చు. ఇంజిన్ ఆపి, చల్లబడేదాకా తలుపు ముట్టకుండా దూరంగా ఉండాలి. ఈ నియమం శిక్షణలో మొదటి వారమే చెబుతారు, కానీ ఘంట మోగిన క్షణంలో పక్కవాడి చేతిని పట్టి ఆపే స్థిరచిత్తం మాత్రం ఏళ్ల మీద గాని రాదు. 2008 ఫిబ్రవరిలో జలాశ్వలోనే విషవాయువు పీల్చి ఒక అధికారి, ఐదుగురు నావికులు మరణించారు. ఆ దుర్ఘటనకు అనుభవలేమి కారణమని అనడం లేదు. నౌకలోని మూసిన అరల్లో తప్పటడుగుకు ధర ఎంతో దానివల్ల తెలుస్తుంది.

అగ్నిపథ్‌కు ముందు ఆర్టిఫిషర్ అప్రెంటిస్‌గా చేరినవారికి తొలి ఒప్పందమే 20 సంవత్సరాలు, సీనియర్ సెకండరీ రిక్రూట్లకు 15 సంవత్సరాలు. ఇప్పటి నాలుగేళ్లలో చిల్కా శిక్షణకు నాలుగు నెలలు, ఆ తర్వాత వృత్తిశిక్షణ, ఆపైన నౌక మీద ఒక్కొక్క యంత్రానికీ పరీక్ష పెట్టి ఒంటరిగా వాచ్ అప్పగించే దశ, మధ్యలో సెలవులు తీసివేస్తే, నమ్మకంగా పనిచేసే కాలం ఎంత మిగులుతుందో లెక్క వేయడం కష్టం కాదు. 2023 మార్చి 28న చిల్కాలో శిక్షణ ముగించుకున్న తొలి అగ్నివీరులు సుమారు 2,600 మంది, వారిలో 273 మంది మహిళలు. 2022 చివరలో చేరిన ఈ జట్టుకు 2026 చివరితో గడువు నిండుతుంది. గరిష్ఠంగా 25 శాతం మందిని అట్టిపెట్టుకుని, మిగిలినవారికి సేవానిధి పేరిట సుమారు 11.71 లక్షల రూపాయలు ఇచ్చి పంపుతారు. అందులో సగం వారి జీతంలోంచి కోసిందే. పింఛను లేదు, మాజీ సైనికుడన్న గుర్తింపూ లేదు.

యువరక్తం కావాలి, కొత్త తరం సాంకేతికతను త్వరగా అందుకుంటుంది అన్నది ప్రభుత్వ వాదన. కొండలెక్కే సైనికుడి విషయంలో వయసుకు విలువ ఉందనుకున్నా, టర్బైన్ ముందు నిలిచేవాడికి వయసుతో పాటు పెరిగే జ్ఞానమే బలం. సాంకేతికతలో అందరికంటే ముందున్న అమెరికా నౌకాదళం సైతం అణు ఇంజిన్ల మెకానిక్‌ల నుంచి ఆరేళ్ల ఒప్పందం తీసుకుంటుంది, ఎందుకంటే శిక్షణకు పెట్టిన ఖర్చు అంతకు తక్కువ కాలంలో తిరిగి రాదని దానికి తెలుసు. బ్రిటన్ 1903లోనే పిల్లలను ఆర్టిఫిషర్లుగా తీర్చిదిద్దే పద్ధతి మొదలుపెట్టి, ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చేది. పొదుపు పేరిట అగ్నిపథ్ ఎంచుకున్న దారి ఈ రెండింటికీ వ్యతిరేక దిశలో ఉంది. మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖలకు కనీస కొలువును పదేళ్లకు పెంచి, ఆపైన ఉండదలచినవారిలో యోగ్యులందరికీ అవకాశం ఇవ్వడమే సరైన సవరణ.

అది జరిగేలోగా తిరిగి వచ్చేవారి సంగతి చూడాలి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో పది శాతం రిజర్వేషన్ ఇస్తామని ప్రభుత్వం 2022లో ప్రకటించింది. డీజిల్ ఇంజిన్ విప్పి బిగించగలవాణ్ని తీసుకువెళ్లి తుపాకీతో గేటు దగ్గర నిలబెట్టడం పునరావాసమా, వృథానా అన్నది ఆలోచించవలసిన విషయమే. వాణిజ్య నౌకల్లో చేరేందుకు ఆరు మార్గాలు తెరిచామని 2022 జూన్‌లో నౌకాయాన మంత్రిత్వశాఖ ప్రకటించింది. ఆ మార్గాల్లో క్లాస్ ఫోర్ అనే ఇంజినీరు అర్హతపత్రం వరకు ఎదిగే వీలుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఓడ ఉద్యోగాల పేరిట దళారుల చేతిలో లక్షలు పోగొట్టుకుని పరాయి రేవుల్లో చిక్కుకున్న కుర్రాళ్ల కథలు ఉత్తరాంధ్రకు కొత్త కావు కనుక, ఆ పత్రాలు నావికుడు నౌక దిగేనాటికి అతని చేతిలో ఉండాలి, ఏజెంటు వెంట తిరిగి సంపాదించుకోవలసినవి కాకూడదు. అమెరికాలో నావికుడు పనిచేసిన గంటలను నమోదు చేసి, వాటి ఆధారంగా కార్మికశాఖ నైపుణ్య ధ్రువపత్రం ఇస్తుంది. ఇంజిన్ గది లాగ్ పుస్తకాలు మన దగ్గరా ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకునే మనసే కావాలి.

రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని చూపించి తప్పుకోవడానికి వీల్లేదు. నౌకాదళ వృత్తిశిక్షణను మెకానికల్ డిప్లొమాలో భాగంగా గుర్తించి, మిగిలిన సబ్జెక్టులు పూర్తి చేసినవారిని ఈసెట్ ప్రవేశపరీక్ష ద్వారా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలోకి అనుమతించే ఏర్పాటు అది చేయాలి. కోటబొమ్మాళికి పొరుగున, సంతబొమ్మాళి మండలంలోని మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన రేవులో టగ్గులు, క్రేన్లు, జనరేటర్లు నడిపేందుకు సరిగ్గా ఇటువంటివారే కావాలి. భూములిచ్చిన, వేటకు దూరమైన ఊళ్లవారికి దక్కవలసిన ఉద్యోగాలకు అడ్డురాకుండానే, సాంకేతిక పోస్టుల్లో కొంత వాటా నౌకాదళం నుంచి వచ్చిన స్థానికులకు కేటాయించవచ్చు. ఇక అగ్నివీరులను మాజీ సైనికులుగా లెక్కించని నిబంధన వల్ల జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వారి పేరు రాసుకునే రిజిస్టరు కూడా ఉండదు. ఆ రిజిస్టరు తెరవడానికి రాష్ట్రం నుంచి ఒక ఉత్తర్వు చాలు. తొలి జట్టు గడువు ముగియకముందే అది వెలువడాలి.