చదువు నడుమ మానుకొనేముందు

టాటానగర్ నుండి చక్రధర్‌పూర్ వైపు సాగే రైలు ఆదిత్యపూర్ దాటిన పిమ్మట గమ్హరియాలో ఆగుతుంది. జంషెడ్‌పూర్ కర్మాగారాలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న పరిశ్రమలు ఇక్కడ అనేకం. ఇదే ఊళ్లో 2017లో ఏర్పడిన అర్కా జైన్ విశ్వవిద్యాలయమూ ఉన్నది. రెండవ సంవత్సరపు విద్యార్థికి నెల జీతం అంత దూరంలో కనిపించదు. ఇంట్లో అవసరం గట్టిదైతే అతనిని తప్పుపట్టలేము. శ్రీకాకుళం ప్రాంతం నుండి ఇక్కడికి వచ్చిన తెలుగువారి తాతలకు పట్టా లేకుండానే కొలువులు దొరికినవి. మనుమలకు ఆ వెసులుబాటు లేదు. డిగ్రీ నడుమ మానినవాడు చాలాచోట్ల ఇంటర్మీడియెట్ చదివినవాడుగానే లెక్కకు వస్తాడు.

ఇక డబ్బు సంగతి. యు.జి.సి. 2018లో ప్రకటించిన నియమం ప్రకారం, ప్రవేశాల గడువుకు 15 రోజులో, అంతకంటె ఎక్కువో ముందుగా మానుకొంటే రుసుము పూర్తిగా తిరిగి రావాలి. స్వల్పమైన ఖర్చు మాత్రం తగ్గించుకోవచ్చు. గడువు దాటిన 15 రోజులలోపు 80 శాతం, 30 రోజులలోపు 50 శాతం. ఆపైన ఏమీ రాదు. అసలు సర్టిఫికెట్లను కళాశాల తన వద్ద ఉంచుకొనరాదని కూడ ఆ ప్రకటనలోనే ఉన్నది. ఈ మాట చాలమంది తల్లిదండ్రులకు తెలియదు.

బ్యాంకు అప్పు చదువుతోపాటు ఆగదు. రెండు లక్షలు తీసుకొన్నాడనుకొందాం. పది శాతం సాధారణ వడ్డీకి ఏడాదికి ఇరవై వేలు. తక్కువ ఆదాయపు కుటుంబాలకు 2009లో కేంద్రం ప్రవేశపెట్టిన వడ్డీ రాయితీ పథకంలో, చదువు నడుమ మానినవారికి రాయితీ లేదని షరతు పెట్టారు. అనారోగ్యమే కారణమై, విద్యాసంస్థ అధిపతి అంగీకరించే ఆధారాలుంటేనే మినహాయింపు. కనుక జబ్బు పడి మానేవారు వైద్యుని కాగితాలను పారవేయరాదు.

ఒక ఊరట ఉన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానాన్ని అమలుపరచిన సంస్థలలో, నిర్ణీత క్రెడిట్లు, వృత్తి కోర్సు ముగించినవారికి ఒక సంవత్సరానికి సర్టిఫికెట్, రెండింటికి డిప్లొమా ఇస్తారు. మూడేళ్లలోగా తిరిగి చేరవచ్చును. మొత్తం చదువు ఏడేళ్లలో ముగియాలి. అయితే ఒక్క సెమిస్టరు మిగిలి ఉండగా మానినవానికి ఆ సర్టిఫికెట్ రాదు. నాలుగు నెలలు ఓర్చుకొంటే చేతికి వచ్చే కాగితం అది.

మానుకొనేముందు రిజిస్ట్రారు కార్యాలయంలో అడుగవలసినవి: క్రెడిట్లు ఖాతాలో జమ అయినవా, బాకీలు లేవని రాసి ఇస్తారా, వేరేచోట చేరడానికి మైగ్రేషన్ సర్టిఫికెట్ ఎప్పుడు వస్తుంది. నోటిమాట చాలదు; కాగితం మీద తీసుకోండి. అదే రోజున బ్యాంకుకు కూడ వెళ్లండి.