రెండు మేకలు, ఒక కేకు

మా ఇళ్లల్లో బిడ్డ పుడితే ఏడో రోజున అఖీఖా చేస్తాం. పుట్టు వెంట్రుకలు తీయించి వాటి ఎత్తు వెండి దానం చేస్తాం. ఆడపిల్లకు ఒక మేక, మగపిల్లాడికి రెండు. (ఈ లెక్క మీద మా ఆడవాళ్లకున్న కోపం న్యాయమైనదే. దాని మీద వాళ్లే రాయాలి, రాస్తున్నారు కూడా.) ఇంట్లో రెండు మేకల విలువ చేసినవాడు పన్నెండో ఏడు వచ్చేసరికి వీధిలో ఎంత విలువ చేస్తున్నాడు? మూతి మీద నూగు రాకముందే వాడొక అనుమానం అవుతాడు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున అందరూ టీవీ చూస్తారు, కొందరు మాత్రం మావాడి మొహం చూస్తారు. వాడు చప్పట్లు కొట్టాడా? కొడితే ఎవరికి కొట్టాడు? కొట్టకపోతే ఎందుకు కొట్టలేదు? ఆ పక్కనే కూర్చున్న మరో పిల్లాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. వాడికి పల్లీలు తింటూ ఆట చూసే స్వేచ్ఛ ఉంది.

నర్సీపట్నంలో మేం ఎంతమందిమి? పాతబస్తీలాగా గల్లీలకు గల్లీలు నిండి లేం. మా ఇంటికి ఇటూ అటూ ఉన్నవాళ్లు వేరే కులాలవాళ్లే, వేరే మతాలవాళ్లే. మా ఉర్దూలో సగం తెలుగు. మా పిల్లలు అమ్మీతో ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో అలుగుతారు. అయినా మా పిల్లలంటే మీ దగ్గర ఒక బొమ్మ ఉంది. సినిమాలు గీసిన బొమ్మ. తెల్లటోపీ, మదరసా, ఎర్రబడ్డ కళ్లు. సచార్ కమిటీ 2006లో లెక్క తీసి చెప్పింది: బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలో చదివేవాళ్లు నూటికి నలుగురు. ఆ కమిటీయే ఇంకో లెక్క చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది బడి మొహం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. ఆ నలుగురి గురించి దేశమంతా గంటలకొద్దీ మాట్లాడుతుంది. ఈ పాతికమంది పంక్చర్ షాపుల్లో, వెల్డింగ్ షెడ్లలో, చికెన్ కొట్లలో, పళ్లబళ్ల దగ్గర మీ కళ్లెదుటే ఉన్నారు. బండికి గాలి కొట్టించుకుని వెళ్తారు తప్ప, ఏరా బాబూ, ఏ క్లాసు అని అడిగినవాళ్లు అరుదు.

అందుకని మేమే మా పిల్లల్ని కుదించేస్తున్నాం. గట్టిగా నవ్వకు. గొడవ జరుగుతుంటే అటు పోకు. ఎవడైనా ఏదన్నా అంటే తిరిగి అనకు. ఈ పాఠం ఏ బడిలోనూ చెప్పరు, మా ఇళ్లల్లో చెబుతాం. ఎందుకు చెబుతామో హైదరాబాదును అడగండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది నమాజుకు వచ్చినవాళ్లు. పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్లనే. తర్వాత కోర్టులు వాళ్లు నిర్దోషులన్నాయి. ప్రభుత్వం కొన్నేళ్లకు వాళ్లకు మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆలోచించండి, ఈ దేశంలో ఇంకెవరి పిల్లలకు సర్కారు అలాంటి కాగితం రాసివ్వాల్సి వచ్చింది?

ఇంత బరువు మోస్తున్న పిల్లాడికి ఏడాదికి ఒక్క రోజు ఉంది. పుట్టినరోజు. మేం ఇక్కడ గట్టిగా మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

మా పుట్టినరోజులు ఇంట్లోనే. కుక్కర్‌లో గుప్పెళ్లకొద్దీ ఇసుక పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, లోపల కేకు గిన్నె దించి మూత పెడితే ముప్పావు గంటకు వాసన వీధి దాకా వెళ్తుంది. ఒక్కోసారి మధ్యలో కుంగిపోతుంది, దాన్ని చక్కెర పాకంతో కప్పేస్తాం. రంగు కాగితాలు కత్తిరించి తోరణాలు కడతాం. ఖీమా సమోసాలు ఒక మూకుడు. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు వస్తారు కాబట్టి బంగాళాదుంప సమోసాలు వేరే మూకుడులో, వేరే నూనెలో. ఈ రెండో మూకుడు గురించి ఏ జాతీయ సమైక్యతా సభలోనూ ఎవరూ మాట్లాడగా వినలేదు. పొయ్యి దగ్గర చెమటోడ్చే మా ఆడవాళ్లకు మాత్రం అది ప్రతి ఏడూ గుర్తుంటుంది.

దీన్ని వద్దనేవాళ్లు ముగ్గురున్నారు.

మొదట మా లోపలివాళ్లు. కేకు కోయడం బిద్అత్, దీన్‌లో లేని కొత్త పోకడ, కొవ్వొత్తులు ఊదడం క్రైస్తవుల ఆచారం అంటారు. అయ్యా, సాల్‌గిరా అన్న మాట ఎక్కడిది? సాల్ అంటే ఏడు, గిరహ్ అంటే ముడి. దారానికి ఏడాదికో ముడి వేసి వయసు లెక్కపెట్టుకున్న మనుషుల మాట అది. మన నానీల నోట్లో నానిన మాట. మొగలు పాదుషాలను పుట్టినరోజున బంగారంతో, వెండితో తూచి పంచిపెట్టేవారు. ఇక్కడి తులాదానం నుంచి నేర్చుకున్న అలవాటది. 1617లో మాండూలో జహంగీర్ తూకాన్ని ఆంగ్ల రాయబారి థామస్ రో చూసి రాసుకున్నాడు. ఆ తూకాన్ని తన వరకూ మాన్పించినవాడు ఔరంగజేబు. ఆయన పేరు తీసి మా మొహాన విసిరేవాళ్లు బయట ఉన్నారు, ఆయన బాటలో మా కొవ్వొత్తులు ఆర్పేవాళ్లు లోపల ఉన్నారు. ఇద్దరి మధ్యా నలిగేది ఎనిమిదేళ్ల పిల్లాడు. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పబ్లిక్ గార్డెన్స్‌లో టౌన్ హాలుకు పునాది వేశారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఏళ్లకేళ్లు ఆ హాల్లోనే కూర్చుంది. ప్రవక్త పుట్టినరోజుకు దేశమంతా సెలవు కావాలని అడిగాం, 1990లో వి.పి. సింగ్ ప్రకటిస్తే సంబరపడ్డాం. ఆ సంబరం మంచిదే. మరి మా పిల్లాడి కుంగిపోయిన కేకు ఒక్కటే దీన్‌కు ముప్పు తెచ్చిందా? ఇష్టం లేనివాళ్లు చేసుకోవద్దు. పక్కింటి గుమ్మం దగ్గర కాపలా కాయడం మాత్రం మానండి.

రెండోవాళ్లు మా లౌకిక మిత్రులు. వాళ్లంటే మాకు ప్రేమ ఉంది కాబట్టి కొంచెం మెల్లగా చెబుతాం. పుట్టినరోజుకు పిలిస్తే మొదటి ప్రశ్న, "బిర్యానీయేనా భాయ్?" సమోసా పెడితే మొహం చిన్నబోతుంది. మా ఇల్లు మీకు రంజాన్ నాటి హోటల్ కాదు. మా పిల్లాడు మీ మతసామరస్యం ఫొటోలో నిలబెట్టే టోపీ కూడా కాదు.

మూడోవాళ్లు, "మీ దేశం పొండి" అనేవాళ్లు. సరే, పోయి చూశాం. మావాళ్లు ఎందరో గల్ఫ్‌లో ఉన్నారు. వేసవి సెలవుల్లో విజిట్ వీసా మీద పిల్లలు అబ్బాను చూడ్డానికి వెళ్తారు. జెడ్డా కార్నిష్ మీద గాలిపటాలు, మాల్‌లో కదిలే మెట్లు, తండ్రి పక్కన మూడు శుక్రవారాలు. పిల్లలకు అదే స్వర్గం. అక్కడి అరబ్బు పిల్లలు మావాణ్ణి ఏమని పిలుస్తారో తెలుసా? 'హిందీ'. హింద్ నుంచి వచ్చినవాడని. నర్సీపట్నం సందులో పాకిస్తాన్ అనిపించుకున్నవాడు సముద్రం దాటాక హిందీ అయిపోయాడు! వాడి దేశం ఏదో మక్కా పక్క ఊరివాళ్లకు తెలిసింది, మా పక్క వీధివాళ్లకు తెలియలేదు.

ఇంకో లెక్క కూడా వినండి, జిజియా పేరెత్తి మమ్మల్ని పొడిచేవాళ్లు మరీ శ్రద్ధగా వినండి. సౌదీ ప్రభుత్వం 2017 జులై నుంచి పరదేశీ కార్మికుల వెంట ఉన్న కుటుంబసభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము వేసింది. ఏటా వంద పెంచుతూ 2020కల్లా 400 చేసింది. భార్య, ఇద్దరు కొడుకులు ఉన్నవాడు నెలకు 1200 రియాళ్లు కట్టాలి. కలిమా చదివేవాడని ఒక్క రియాలు తగ్గించలేదు. ముస్లిం దేశంలో ముస్లిం పిల్లల మీద తలపన్ను! చాలామంది పెళ్లాంబిడ్డల్ని విమానం ఎక్కించి వెనక్కి పంపేశారు. అప్పటినుంచి అబ్బా ఫోన్ తెర మీద కేకు కోయడం చూస్తాడు. అక్కడ పుట్టి పెరిగినా పౌరసత్వం ఇవ్వరు. మాకది కావాలని కూడా లేదు. మా దేశం ఎక్కడుందో మాకు తెలుసు, బస్సులో వెళ్లిరావచ్చు.

డబ్బు చేతికందాక హాలు అద్దెకు తీసుకుని, మూడంతస్తుల కేకు తెప్పించి, పిల్లాడికి కోటు తొడిగి వీడియో తీయించేవాళ్లూ మాలో ఉన్నారు. వాళ్ల డబ్బు, వాళ్లిష్టం. ఆ కోటులో పిల్లాడికి ఊపిరి ఆడదని మాత్రం మా అనుమానం.

మేం మా పిల్లల్ని చలికాలంలో లంబసింగి తీసుకెళ్తాం, మంచులో పొగ వదులుతూ సిగరెట్టు తాగుతున్నట్టు నటిస్తారు. కృష్ణదేవిపేట తీసుకెళ్తాం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లను కొట్టి తుపాకులు పట్టుకుపోయింది. ఆయన సమాధి ఆ ఊళ్లోనే ఉంది. అక్కడ మా పిల్లలు ఫొటో దిగితే అది దేశభక్తి రుజువు కోసం కాదు. పక్క ఊరు కాబట్టి వెళ్లాం, కథ బాగుంది కాబట్టి రెండోసారీ వెళ్లాం. విశాఖలో రేవు పక్కన మూడు కొండల మీద దర్గా, గుడి, చర్చి పక్కపక్కనే ఉంటాయి. మావాళ్లకు అవన్నీ ఎక్కడమే ఇష్టం, దిగేటప్పుడు ఐస్‌క్రీం ఉంటుందని.

మా పిల్లాడి పుట్టినరోజుకు రండి. ఏ జట్టు గెలవాలని కోరుకుంటున్నావని వాణ్ణి అడక్కండి, పెద్దయ్యాక దేశానికి ఏం చేస్తావనీ అడక్కండి. కేకు ముక్క తినండి, ఇసుక తగిలితే చెప్పండి. ఈసారి గిన్నెలు కడిగే వంతు మగపిల్లలదే అని వాళ్ల అమ్మీ తేల్చేసింది. ఆ సంగతి వాళ్లకింకా చెప్పలేదు.