నోటిచ్చినవాడికే ఓటా?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఓటర్లు నోటుకూ కులానికీ తప్ప దేనికీ కదలరన్న లేఖకు ఈ జవాబు. డబ్బు పంచరని నేననను. పంచుతారు, తీసుకుంటారు కూడా. ఇచ్చినవాడికే వేస్తారన్న లెక్కే తప్పు.

జగిత్యాల, కోరుట్ల నిజామాబాద్ లోక్‌సభ కిందివే. 2019లో అక్కడ 185 మంది పోటీపడితే 178 మంది రైతులే. పసుపు, ఎర్రజొన్న ధరల మంట అది. బూత్‌కు 12 ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సొచ్చింది. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన అర్వింద్ గెలిచారు. అదే అర్వింద్‌ను 2023 నవంబరులో కోరుట్ల అసెంబ్లీకి వద్దన్నది. ఆర్నెల్లకే నిజామాబాద్ ఆయన్ను మళ్లీ ఢిల్లీ పంపింది. జీవన్ రెడ్డి అంతటి పాతకాపు జగిత్యాలలోనూ ఓడారు, ఆ తర్వాత నిజామాబాద్‌లోనూ ఓడారు. కులమే లెక్కయితే ఈ తీర్పులన్నీ ఒక్కతీరే రావాలి కదా! ఇక ఒక్కో ఓటు విలువ మరమగ్గాల సిరిసిల్లకు చెప్పనక్కర్లేదు: 2009లో కేటీఆర్ అక్కడ గట్టెక్కింది 171 ఓట్లతోనే.

మమ్మల్ని తిట్టే ముందు ఈ ఫలితాలు ఒక్కసారి ముందేసుకుని చూడమని ఆ లేఖ రాసినాయనకు నా మనవి.

– ఒక పసుపు రైతు, కోరుట్ల