పొరపాటు ఒకరిది... మౌనం ఇంకొకరిది

బంగాళాదుంపల తొక్కు తీయడం మనకేం కొత్త పని కాదు. అందులో చిన్నతనమూ లేదు. కానీ ఒక ఆడమనిషిని నలుగురిలో కించపరచడానికి ఆ పనినే వాడుకున్నారని చదివినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

జరిగింది వంటింట్లో కాదు, ఆటస్థలంలో. 1972 జూన్ 24న, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా అనే చిన్న ఊళ్ళో. ఆట బేస్‌బాల్. అంపైర్ పేరు బెర్నీస్ గెరా. న్యూయార్క్ నగరంలో కాపురముండే గృహిణి. 1967లో అంపైర్ల శిక్షణ పూర్తి చేసింది. ఉద్యోగం అడగబోతే ఎత్తు చాలదన్నారు, బరువు చాలదన్నారు. ఆవిడ ఊరుకోలేదు. అయిదేళ్ళు పోరాడి, కోర్టులో గెలిచి మైదానంలో అడుగుపెట్టింది. డబ్బు తీసుకుని ఆడే బేస్‌బాల్‌లో అంపైరింగ్ చేసిన మొదటి మహిళ ఆవిడే.

ఆ మొదటి ఆటలోనే తడబడింది. బేస్‌బాల్‌లో పరుగెత్తేవాణ్ణి ఔట్ చెయ్యడానికి కొన్ని సందర్భాల్లో బంతితో అతన్ని తాకాలి. మరికొన్నిట్లో బంతి చేతిలో ఉంచుకుని బేస్‌ను తొక్కితే చాలు. నాలుగో ఇన్నింగ్స్‌లో వచ్చింది రెండో రకం. బెర్నీస్ మొదటి రకమనుకుంది. ‘సేఫ్’ అని సైగ చేసి, వెంటనే నాలిక్కరుచుకుని ‘ఔట్’ అంది. ఆ జట్టు మేనేజర్ మీదికొచ్చాడు. పొరపడ్డానని ఆవిడ ఒప్పుకుంటే, ఇది నీ రెండో పొరపాటు, వంటింట్లో దుంపలు చెక్కుకుంటూ ఉండిపోకపోవడం మొదటిది అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆవిడ అతన్ని బయటికి పంపించేసింది. కానీ ఆ రోజు వరసగా రెండు ఆటలుంటే, మొదటిది ముగియగానే తనే రాజీనామా చేసి వెళ్ళిపోయింది. మళ్ళీ అంపైరింగ్ చెయ్యలేదు.

మేనేజర్ మాటకే ఆవిడ కుంగిపోయిందని చాలామంది అనుకున్నారు. ఆవిడ చెప్పిన కారణం వేరు. తనతోపాటు అంపైరింగ్ చేస్తున్న రెండో మనిషి తనకి సహకరించలేదు! ఎదుటి జట్టువాడు తిట్టాడంటే సరే. పక్కనున్నవాడు పలక్కపోతే?

నా ఆలోచనంతా ఆ రెండో అంపైర్ చుట్టూనే తిరుగుతోంది. జంటలో ఒకరు నియమాన్ని తప్పుగా అన్వయిస్తే, రెండోవారు ఏం చెయ్యాలి?

బేస్‌బాల్ నియమాల పుస్తకం ఈ విషయంలో చాలా తెలివైన గీత గీసింది. కంటితో చూసి చెప్పేది ఒక రకం... బంతి ముందొచ్చిందా, కాలు ముందొచ్చిందా, లాంటివి. అక్కడ చూసినవాడి మాటే ఆఖరు. నియమాన్ని అన్వయించేది రెండో రకం. నిర్ణయం నియమానికి విరుద్ధంగా ఉందన్న సందేహం వస్తే మేనేజరు అడగవచ్చు, కానీ ఆ నిర్ణయం ఇచ్చిన అంపైర్‌నే అడగాలి. తోటి అంపైర్ నిర్ణయాన్ని, అతను అడగకుండా విమర్శించడం గానీ మార్చబోవడం గానీ కూడదని కూడా రాసుంది. ఒకే ఆట మీద ఇద్దరు అంపైర్లు చెరో మాటా చెబితే మాత్రం, ఆటగాళ్ళనీ మేనేజర్లనీ దూరంగా ఉంచి అంపైర్లంతా ఒకచోట కూడి మాట్లాడుకోవాలి.

“అడగందే నోరెత్తకూడదని పుస్తకంలోనే ఉందిగా, ఇంకెందుకు గొడవ?” అనేవాళ్ళుంటారు. నిజమే, నలుగురి ముందు తోటివాణ్ణి కాదనకూడదు. కానీ దగ్గరికి నడిచివెళ్ళి, “నువ్వేం చూశావు? ఏ నియమం ప్రకారం ఇచ్చావు?” అని మెల్లగా అడగడానికి ఏం అడ్డం? తర్వాతి బంతి పడకముందే అడగాలి. పడ్డాక దిద్దుకోవడం సాధారణంగా కుదరదు. చూసింది అతనే కాబట్టి చూపు జోలికి పోకుండా, నియమం ఒక్కటే గుర్తు చెయ్యాలి. నిర్ణయం మార్చాలనుకుంటే అతని నోటితోనే చెప్పించాలి. అప్పుడు ఆటా నిలబడుతుంది, మనిషి పరువూ నిలబడుతుంది. ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’ అనే రకమైతే? అయినా చెప్పాల్సిందే. చెప్పడం మన ధర్మం, వినడం అతని ధర్మం.

ఊరుకుంటే ఏమవుతుందో 2013 మే 9న హ్యూస్టన్‌లో తేలింది. అమెరికాలో అన్నిటికంటే పెద్ద లీగు, అంపైర్లు నలుగురూ అనుభవజ్ఞులు. కొత్తగా దిగిన పిచర్ కనీసం ఒక్క బ్యాటరుకైనా బంతులు వెయ్యాలని అప్పటి నియమం. (2020 నుంచి మామూలుగా ముగ్గురికి వెయ్యాలి.) హ్యూస్టన్ జట్టు ఒక పిచర్‌ని దించి, అతను ఒక్కరికీ వెయ్యకముందే ఇంకొకణ్ణి తెస్తే అంపైర్లు సరేనన్నారు. ఎదుటి జట్టు మేనేజర్ అభ్యంతరం చెప్పినా నిర్ణయం మారలేదు. పొరపాటు జరిగిందని లీగు ఒప్పుకుంది. అంపైర్ల బృందం పెద్దని రెండు ఆటలకి పక్కన పెట్టింది. అంతటితో ఆగలేదు. మిగతా ముగ్గురికీ జరిమానా వేసింది! ఆ జరిమానా చెప్పేదేమిటంటే, పక్కన నిలబడ్డవాళ్ళకీ తప్పులో వాటా ఉంటుందని. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు ఊరికే అన్నారా?

బేస్‌బాల్ మనకి దూరమనుకుంటే, క్రికెట్ ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. 2019 జూలై 14న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ గుర్తుంది కదూ! ఇంగ్లండ్ ఆఖరి ఓవర్లో న్యూజిలాండ్ ఆటగాడు గప్టిల్ విసిరిన బంతి స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీ దాటింది. అంపైర్లు ధర్మసేన, ఎరాస్మస్ మాట్లాడుకుని ఆరు పరుగులిచ్చారు. బంతి విసిరే క్షణానికి బ్యాట్స్‌మన్లు ఒకరినొకరు దాటి ఉంటేనే రెండో పరుగు లెక్కలోకి రావాలి. వాళ్ళు దాటలేదు. ఇవ్వాల్సింది అయిదే. తర్వాత ధర్మసేన పొరపాటు ఒప్పుకున్నాడు. ఎరాస్మస్ కూడా 2024లో ఆ సంగతి చెప్పాడు. ఆ మ్యాచ్ టై అయింది, సూపర్ ఓవర్ కూడా టై అయింది, చివరికి బౌండరీల లెక్కతో కప్పు ఇంగ్లండ్‌కి వెళ్ళింది. ఇక్కడ మాట్లాడుకోలేదని కాదు. ఇద్దరూ మాట్లాడుకున్నా, అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్న ఎవరికీ తట్టలేదు. ‘అవునవును’ అనే జోడీ వల్ల లాభం లేదు. ‘ఒక్క నిమిషం... దాటారా?’ అని అడిగే జోడీ కావాలి.

ఇక్కడొక సంగతి గమనించారా? హ్యూస్టన్‌లో నలుగురు మగవాళ్ళు నియమం తప్పారు. లార్డ్స్‌లో ఇద్దరు తప్పారు. మగవాళ్ళు అంపైరింగ్‌కి పనికిరారని ఎవరైనా అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. ఒక క్షణం పొరబడి, మరుక్షణం తనే దిద్దుకున్న బెర్నీస్‌కి మాత్రం వంటిల్లు గుర్తు చేశారు. మగవాడి పొరపాటు అతనొక్కడిది. ఆడదాని పొరపాటు ఆడజాతి మొత్తానిది. ఈ లెక్క ఏ నియమాల పుస్తకంలో ఉందో మీరే చెప్పండి!

మన ఇళ్ళల్లోనూ చూస్తున్నాం. తండ్రి పొరపడి చెయ్యని తప్పుకి పిల్లవాణ్ణి కోప్పడుతుంటాడు. తల్లికి నిజం తెలుసు. “ఆయన మాట తీసెయ్యకూడదు” అని ఊరుకుంటుంది. నేనూ ఊరుకున్న రోజులున్నాయి. పిల్లల ముందు వాదులాడుకోమని నేననడం లేదు. “ఒకసారి ఇలా వస్తారా?” అని లోపలికి పిలిచి చెప్పొచ్చు కదా! ఆ తర్వాత “నేనే పొరబడ్డాన్రా” అని తండ్రే వచ్చి అంటే, ఆయన మాట తగ్గదు, పెరుగుతుంది. తల్లి పొరబడ్డప్పుడు తండ్రి చెయ్యాల్సిందీ ఇదే. ఊరుకోవడం గౌరవం కాదు, సమయానికి మెల్లగా చెప్పడమే గౌరవం.

కాలం మారలేదని అనను. 2019లో రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి అంతర్జాతీయ క్రికెట్ మండలి మ్యాచ్ రెఫరీల బృందంలో తొలి మహిళగా చేరింది. 2023లో వృందా రాఠీ, జనని, గాయత్రి రంజీ మ్యాచుల్లో అంపైర్లుగా నిలబడ్డారు. 2025 ఆగస్టు 9న అట్లాంటాలో జెన్ పావల్ ఆ పెద్ద బేస్‌బాల్ లీగులో తొలి మహిళా అంపైర్ అయింది. బెర్నీస్ వెళ్ళిపోయిన 53 ఏళ్ళకి! అది చూడ్డానికి బెర్నీస్ లేదు. 1992లోనే పోయింది.

వీళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు పొరబడతారు. మనుషులే కదా! ఆ రోజున వెనకేసుకొచ్చేవాళ్ళో, జాలిపడేవాళ్ళో వీళ్ళకి అక్కర్లేదు. జెనీవాలో ఆ సాయంత్రం బెర్నీస్ దగ్గరికి రెండో అంపైర్ నాలుగడుగులు నడిచివచ్చి, “ఏం ఫరవాలేదు, నియమం ఇదీ, నువ్వు మార్చింది సరైనదే” అనుంటే ఆవిడ రెండో ఆటకి కూడా నిలబడేదేమో! అడ్డం వచ్చింది ఆ నాలుగడుగులే. అలాంటి చోట మనం ఉన్నప్పుడు ఆ నాలుగడుగులూ వేస్తున్నామా? ఆలోచించండి.