రక్తపరీక్ష సాక్షియా, న్యాయమూర్తియా?

ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, "రక్తపరీక్ష చేయించారా?" అన్నదే నేడు మొదటి ప్రశ్న. నాడి చూసి, నాలుక చూసి చెప్పిన వైద్యుని మాటకు పూర్వం ఉన్న గౌరవం ఇప్పుడు అచ్చుకాగితానికి దక్కింది. పరీక్షలను తప్పుపట్టుట మా ఉద్దేశం కాదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. రక్తంలోని భాస్వరాన్ని ప్రపంచమంతటా ఆ పద్ధతిలోనే దశాబ్దాల పాటు కొలిచారు. అది తెలుగువారందరికీ గర్వకారణం. అయితే కొలుచుట వేరు, కొలతకు అర్థం చెప్పుట వేరు. ఈ భేదాన్ని మరచినందువల్ల కలిగిన నష్టాన్ని మేము కళ్ళారా చూశాము.

దివిసీమ నుండి వచ్చి గదిలో ఉండి చదువుకొనే మా విద్యార్థి ఒకనికి నాలుగు నెలల్లో మూడుసార్లు జ్వరం వచ్చింది. మూడుసార్లూ విడాల్ పరీక్ష జరిగింది. మూడుసార్లూ "టైఫాయిడే" అన్నారు. మందు వాడగా జ్వరం తగ్గినట్లే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది. అర్ధసంవత్సర పరీక్షలు పోయినవి. చివరకు బందరులో ఒక పెద్ద వైద్యుడు కాగితాలను పక్కన పెట్టి, "దగ్గు ఎన్నాళ్ళుగా ఉన్నది? బరువు తగ్గావా?" అని అడిగారు. కళ్ళె పరీక్షలో క్షయ బయటపడింది. ఆరు నెలల మందుతో అతడు కోలుకొన్నాడు. కాని ఆ నాలుగు నెలలూ అదే గదిలో మరి ముగ్గురు విద్యార్థులు నిద్రించారన్న సంగతి తలచుకొంటే ఇప్పటికీ మాకు గుండె జల్లుమంటుంది.

ఇందులో విడాల్ పరీక్ష అబద్ధమాడిందా? లేదు. 1896 నాటి ఆ పరీక్ష వెతికేది టైఫాయిడ్ క్రిమిని కాదు, ఆ క్రిమిపై శరీరం తయారుచేసికొన్న ప్రతిరక్షకాలను. ఎన్నడో వచ్చిపోయిన జ్వరమైనా, వేయించుకొన్న టీకా అయినా ఆ గుర్తును మిగిల్చిపోవచ్చు. టైఫాయిడ్ తరచుగా కనిపించే మనవంటి ప్రాంతాల్లో ఒక్క విడాల్‌తో రోగనిర్ణయం చేయుట సాహసమే. తొలివారంలో, మందు మొదలుపెట్టకముందే రక్తాన్ని కల్చర్‌కు పంపుట అంతకంటె నమ్మదగిన మార్గం.

ప్రశ్న తెలియకుండా జవాబుకు అర్థం చెప్పరాదని మన డెల్టాకు బోదకాలు ఏనాడో నేర్పింది. ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట తలుపుతట్టి వేలి రక్తం తీసికొనుట పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ పురుగు పిల్లలు రాత్రి 10 నుండి 2 గంటల మధ్య రక్తంలో విరివిగా తిరుగుతవి. పగలు చాలవరకు కనిపించవు. మనిషి అతడే, రక్తం అదే. పగటి పరీక్ష "లేదు" అంటే రాత్రి పరీక్ష "ఉన్నది" అంటుంది.

చక్కెర పరీక్షకూ కాలంతో పేచీ ఉన్నది. గొట్టంలోకి తీసిన తరువాత కూడా రక్తకణాలు చక్కెరను తింటూనే ఉంటవి. వేరుచేయని రక్తంలో గంటకు సుమారు నూటికి 5 నుండి 7 పాళ్ళు తరిగిపోతుంది. నాగాయలంక వైపు పల్లెలో పరగడుపున తీసిన రక్తం బందరో గుడివాడో చేరుటకు మూడు గంటలు పట్టిందనుకొందాము. 130 ఉన్న చక్కెర 111 దగ్గర కనిపించవచ్చు. 126 దాటితే మధుమేహమని అనుమానించవలసిన చోట, "ఏమీ లేదు" అని ఇంటికి పంపినట్లవుతుంది. ఫ్లోరైడ్ కలిపిన గొట్టం వాడి, త్వరగా కణాలను వేరుచేస్తే ఈ పొరపాటు చాలవరకు తప్పుతుంది.

ఇక నల్లని అచ్చులో వచ్చే అంకెలు. ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది ఉండే హద్దులనే సాధారణంగా "నార్మల్" అంటారు. అంటే తక్కిన ఐదుగురు ఏ రోగమూ లేకుండానే హద్దు దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, నూరుగురు ఆరోగ్యవంతులలో 64 మందికి కనీసం ఒక అంకె నల్లబడుతుంది. ప్యాకేజీ పరీక్షల కాగితం చూసి నిద్ర మానుకొనేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. అలాగని నల్లబడిన అంకెను ఉపేక్షించమని మేము చెప్పము. దానికి అర్థం చెప్పవలసినది వైద్యుడు.

ఈ కాగితాలు ఆంగ్లంలో వస్తవి. మన ఇండ్లలో పెద్దలు ఉర్దూ చదువుతారు, లేదా తెలుగు చదువుతారు. కాబట్టి కాగితం చదివే బాధ్యత మీపై పడుతున్నది, విద్యార్థులారా! రక్తం ఎప్పుడు తీశారు, అంతకుముందు ఏ మందు వేసికొన్నారు, పాత కాగితంలో అంకె ఎంత అన్న మూడు సంగతులను వ్రాసికొని వైద్యుని వద్దకు వెళ్ళండి. బయటి నమూనాలతో తమ కొలతలను సరిచూసుకొంటున్నారా అని పరీక్షాశాలవారిని అడుగుట అమర్యాద కాదు.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. 2023 నుండి మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. అక్కడి ఆచార్యులను ఏటా ఒక్కసారి మన కళాశాలకు ఆహ్వానించి, వారు చెప్పినదానిని ఉర్దూ తెలుగులలో ఒక చిన్న కరపత్రంగా వేయించి ఇంటింటికీ పంపితే ఖర్చు స్వల్పం. సాక్షి చెప్పినదంతా విన్నాకనే న్యాయమూర్తి తీర్పు చెప్తాడు. రక్తపరీక్షకు సాక్షి స్థానం ఇద్దాము, అంతకు మించి వద్దు.