తొంబది ఓట్ల ఋణము

గెలిచిన అభ్యర్థి ఓటర్లకు కృతజ్ఞత తెలుపుట లోకాచారము. పూలదండల నడుమ ఆ మాట సులభముగా నోటికి వచ్చును. వినువారికిని దానివలన ఏదో యొక ప్రయోజనము కలుగునను ఆశ యుండును. ఓడినవారి కృతజ్ఞతకు ఈ సౌకర్యములు లేవు. చెప్పువారి చేతిలో ఇచ్చుటకు పదవి లేదు; వినువారికి పొందుటకు లాభము లేదు. కావుననే దాని వెల హెచ్చు. అట్టి కృతజ్ఞతావాక్య మొకటి 2017 మార్చిలో మణిపురమునుండి వెలువడినది. దేశమంతయు ఒక దినము చదివి, మరునాడు మరచినది. రాజధానిలోని మన ఆంధ్రులు, అందునను న్యాయవాదవృత్తిలో నున్నవారు, దానిని మరల జ్ఞప్తికి దెచ్చుకొనుట యుక్తమని మాకు తోచుచున్నది.

ఆ నెల 11వ తేదీన మణిపుర శాసనసభ ఎన్నికల ఫలితములు తెలిసినవి. తౌబాల్ నియోజకవర్గమున ముఖ్యమంత్రి శ్రీ ఓక్రమ్ ఇబోబీసింగు గారికి 18,649 ఓట్లు వచ్చినవి. ఆయనపై పోటీచేసిన శ్రీమతి ఇరోమ్ షర్మిలకు వచ్చినవి 90. అభ్యర్థులలో ఎవరును వద్దని మీట నొక్కినవారే 143 మంది. ధరావతు పోయినది. అప్పుడు ఆమె పక్షమువారు చేసిన ప్రకటన మిక్కిలి చిన్నది: ఆ తొంబది ఓట్లకును కృతజ్ఞతలు.

ఈమె యెవరో నేటి యువకులకు చెప్పవలసియున్నది. 2000 నవంబరు 2వ తేదీన ఇంఫాలు సమీపమున మాలోమ్ అను చోట సైనికుల కాల్పులలో పదిమంది పౌరులు మరణించిరి. కొలది దినములలోనే, అప్పటికి ఇరువదియెనిమిదేండ్ల వయసున నున్న షర్మిల నిరశనవ్రతము పూనెను. ఆమె కోరిక యొక్కటియే: సైనికదళముల ప్రత్యేకాధికార శాసనమును రద్దుచేయవలెను.

ఆ శాసనపు వంశవృక్షము తెలిసికొనదగినది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమము నణచుటకై లిన్‌లిత్‌గో ప్రభువు ఇదే పేరుతో ఒక ఆర్డినెన్సు జారీచేసెను. ప్రాణహాని కలుగునంతవరకు కాల్పులు జరిపించు అధికారము నందులో కాప్టెను హోదాకు తగ్గని అధికారులకు ఇచ్చిరి. స్వతంత్ర భారత పార్లమెంటు 1958లో చేసిన శాసనము ఆ అధికారమును హవల్దారు తరగతి వరకు దించినది. అంతియగాక, కేంద్రప్రభుత్వపు ముందస్తు అనుమతి లేనిదే ఈ శాసనము క్రింద పనిచేసినవారిపై కోర్టులలో వ్యవహారము నడపరాదని ఆరవ సెక్షను చెప్పుచున్నది. పరప్రభుత్వము యుద్ధకాలమున కాప్టెనుకు ఇచ్చిన దానిని మన ప్రభుత్వము శాంతికాలమున హవల్దారునకు ఇచ్చినదను మాట వినుటకు కటువుగా నుండవచ్చును. కాని రెండు శాసనములను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారికి మరియొక అర్థము తోచదు.

షర్మిల వ్రతము ఇంచుమించు పదునారేండ్లు సాగెను. ఆత్మహత్యాప్రయత్నమను నేరముపై ఆమెను నిర్బంధించి, ముక్కులో గొట్టము పెట్టి ఆహారము నెక్కించిరి. ఇండియన్ పీనల్ కోడు 309వ సెక్షను క్రింద విధింపదగిన శిక్ష ఒక సంవత్సరమునకు మించదు. కనుక ఏడాది నిండగానే విడిచిపెట్టుట, వెంటనే తిరిగి పట్టుకొనుట వాడుకయైనది. 2006 అక్టోబరులో అట్లు విడుదలయైనప్పుడు ఆమె మన నగరమునకే వచ్చెను. రాజఘాటున గాంధీమహాత్ముని సమాధికి నమస్కరించి, జంతర్ మంతర్ వద్ద కూర్చుండెను. కొన్ని దినములకే పోలీసులు పట్టుకొనిపోయి ఆసుపత్రిలో చేర్చిరి. ఆ అభియోగమునుండి ఢిల్లీ న్యాయస్థానము ఆమెను విముక్తురాలిని చేయునప్పటికి 2016వ సంవత్సరము వచ్చినది. ఆనాడు ఆ దారిన పోయినవారిలో మనవారును ఉందురు. ఎందరు నిలిచి చూచిరో ఎవరి మనస్సునకు వారే సాక్షి.

2016 ఆగస్టు 9వ తేదీన ఆమె నాలుకపై తేనెచుక్క వేసికొని వ్రతము విరమించెను. ఉపవాసము చేయలేని పనిని ఓటుచేత సాధింతునని చెప్పి ఒక చిన్న పక్షమును స్థాపించెను. ఆ పక్షమువారు ముగ్గురే నిలిచిరి. ఆమె సైకిలుపై తిరిగి ఓట్లు అడిగెను. వాబగాయిలో నిలిచిన నజీమాబీబీ అను ముస్లిం మహిళ, చనిపోయినచో ఊరి శ్మశానవాటికలో చోటు దొరకదను బెదిరింపులను సహించి ప్రచారము చేసెను. ఆమెకు 33 ఓట్లు వచ్చినవి. ముగ్గురును ఓడిరి.

ఈ ఓటమికి ప్రజల కృతఘ్నతయే కారణమని చాలమంది వ్రాసిరి. ఆ తీర్పు తొందరపాటని మా అభిప్రాయము. వ్రతవిరమణకు ముందు ఆమె తన వెంట నడచినవారితో తగినంత ఆలోచింపలేదను నొచ్చుకోలు మణిపురమున నుండినది. విరమించిన దినముననే ఆమెకు తల దాచుకొను చోటు చిక్కక తిరిగి ఆసుపత్రికే పోవలసివచ్చెను. 2002 నుండి ముఖ్యమంత్రిగా నున్నవారి సొంత నియోజకవర్గమునే ఎంచుకొనుట సాహసము గాని ఉపాయము గాదు. ఆ యెన్నికల కాలమున క్రొత్త జిల్లాల యేర్పాటు, దానికై నాగాసంఘములు జరిపిన రహదారుల దిగ్బంధము జనుల మనస్సులను ఆక్రమించియుండెను. నూనె, బియ్యము వెలలు మండుచుండగా శాసనమును గూర్చిన వాదము వెనుకబడినది. వీటన్నిటికంటె లోతైన కారణ మింకొకటి కలదు. మనవారు తపస్సు చేయువారికి మ్రొక్కుదురు. పని చేయించుకొనుటకు మరియొకరిని ఎన్నుకొందురు. పూజకును ఓటునకును నడుమ నున్న దూరమును దాటించుటకు సంఘబలము, ధనము, గ్రామగ్రామమున కార్యకర్తలు కావలెను. ఇవి లేనిచో మహాత్యాగమైనను పోలింగు కేంద్రము గుమ్మముకడనే ఆగిపోవును. అభ్యుదయమును కోరు పక్షములు ఈ గుణపాఠమును ఓటర్లను నిందించుటలో పోగొట్టుకొనరాదు.

ఇక ఆ తొంబదిమంది మాట. ఓటు రహస్యము. కనుక తాను కృతజ్ఞత చెప్పునది ఎవరికో ఆమెకు తెలియదు. తౌబాలులో గెలుపు ఎవరిదో అందరికిని ముందే తెలియును. తెలిసియుండియు ఆమె గుర్తుకు ఓటు వేసినవారు లాభము నాశించి వేయలేదు. గెలుపు పక్షమున నుండవలెనను తహతహతోను వేయలేదు. అది వారి సాక్ష్యము. 1872 నాటి భారత సాక్ష్యశాసనపు 134వ సెక్షను మన న్యాయవాదులకు కంఠస్థము: ఏ విషయమును రుజువుచేయుటకైనను ఇందరు సాక్షులు కావలెనను నియమము లేదు. 2024 జూలైలో అమలునకు వచ్చిన క్రొత్త శాసనములోను ఆ సూత్రము నిలిచినది. ఎన్నికలలో సంఖ్యయే ప్రధానము; అట్లుండుటయే న్యాయము. కాని పదవి యెవరికను ప్రశ్నను తీర్చిన సంఖ్య, శాసనము మంచిదా చెడ్డదా యను ప్రశ్నను తీర్చలేదు.

ఓటమి తరువాత ఆమె ఇక రాజకీయములలోనికి రానని చెప్పి, విశ్రాంతికై కేరళమునకు వెడలిపోయెను. కృతజ్ఞతతోపాటే సెలవు తీసికొనుట తగునా అని కొందరు ప్రశ్నించిరి. ఓడిన నాయకులు ఓటువేసినవారిని నడివీథిలో విడిచిపోరాదనుట సామాన్యధర్మము. మరునాడు ఆ ఊరిలోనే బ్రతుకవలసినది వారే; గెలిచినవారి కనుసన్నలలో కాలము గడుపవలసినదియు వారే. కాని పదునారేండ్లు అన్నము ముట్టనివారికి ఈ ధర్మము బోధించు నర్హత, పూటపూటకు భుజించుచు ఆమెను మెచ్చుకొన్న మనకు లేదు. నాయకురాలు అలసిపోవచ్చును. అలసినంతమాత్రమున ఋణము తీరిపోదు. అది సానుభూతిపరుల లెక్కలోనికి మారును. దూరముననుండి చేయెత్తి జయము పలికిన మనమే ఇప్పుడు ఋణస్థులము.

ఈ ఋణమున తెలుగువారికి ప్రత్యేకమైన భాగ మొకటి కలదు. 2004 జూలైలో మనోరమ అను యువతిని సైనికులు పట్టుకొనిపోయిన పిదప ఆమె శవము దొరికెను. అందుపై ఇంఫాలులోని కాంగ్లా కోటయెదుట తల్లులు వివస్త్రలై నిలిచి నిరసన తెలిపిరి. దేశము తల వంచుకొన్న ఆ సంవత్సరముననే కేంద్రప్రభుత్వము ఈ శాసనమును పరిశీలించుటకు సంఘమును నియమించినది. దానికి అధ్యక్షులు మన తెలుగువారు, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన శ్రీ బి. పి. జీవన్‌రెడ్డి గారు. ఆ సంఘము 2005లో సమర్పించిన నివేదిక శాసనమును రద్దుచేయవలెనని సలహా యిచ్చినది. అవసరమైన అధికారములను తగిన కట్టుబాట్లతో వేరొక శాసనములో చేర్చవచ్చునని మార్గమును సూచించినది. ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. షర్మిలకు తొంబది ఓట్లు వచ్చినవి. జీవన్‌రెడ్డిగారి నివేదికకు అలమారలో చోటు వచ్చినది. ఒకరిది నిరాహారము, ఒకరిది న్యాయవివేచనము. ఇద్దరిదియు ఒక్కటే ఓటమి.

ఆ ఓటమి శాశ్వతమా? 2022 ఏప్రిలులో మణిపురమున పదునైదు పోలీసుస్టేషనుల పరిధిలో ఈ శాసనమును తొలగించిరి. అది షర్మిల విజయమని మేము చెప్పము. ప్రభుత్వపు గణనలు ప్రభుత్వమునకు వేరుగా నుండును. కాని ఆ ప్రశ్నను పదునారేండ్లు చావనీయక నిలిపినవారెవరో లోకమునకు తెలియును. 2023 మే నెలలో మైతేయిలకును కుకీలకును నడుమ ఘోరకలహము చెలరేగినది. 2024 నవంబరులో ఆరు పోలీసుస్టేషనుల పరిధిలో శాసనమును తిరిగి విధించిరి. ఒకరికి రక్షణగా తోచునది మరొకరికి భయకారణమగుచున్న ఆ నేలను గూర్చి దూరముననుండి తీర్పు చెప్పుట సులభము కాదు. సులభము కాదు గనుకనే, ఆవేశము లేని కాలమున ఒక న్యాయమూర్తి నిదానముగా వ్రాసిన నివేదికకు ఇప్పుడు విలువ హెచ్చినది.

మరియొక విషయమును వకీళ్లు గమనింపవలెను. 2024లో వచ్చిన న్యాయసంహిత ఆత్మహత్యాప్రయత్నమును సామాన్యముగా నేరముల పట్టికనుండి తొలగించినది. కాని ప్రభుత్వోద్యోగిని తన విధినుండి మరలించు నుద్దేశముతో చేసిన ప్రయత్నము 226వ సెక్షను క్రింద నేరముగా నిలిచినది. దుఃఖముచేత చావదలచినవానిని క్షమించి, న్యాయము కోరి ఉపవసించువారిపై ప్రయోగింపదగిన ఆయుధమును మాత్రము ఉంచుకొనిరి. ఉపవాసము ఆత్మహత్యాప్రయత్నము కాదని న్యాయస్థానములలో వాదింపవలసిన దినము మరల రావచ్చును. అప్పుడు నిలుచువారెవరు?

రాజధానిలోని ఆంధ్రసోదరులకు మేము చేయు మనవి పెద్దది కాదు. జీవన్‌రెడ్డిగారి నివేదికను చదువుడు. మీ సంఘములలో ఒక సాయంకాలము దానిపై చర్చ జరుపుడు. అంగీకరింపనివారు అంగీకరింపనట్లే చెప్పుడు. చదివి విభేదించుటయు ఆ పరిశ్రమకు గౌరవమే. ఈ నగరమున చదువుకొనుచున్న మణిపుర విద్యార్థులు, అది కొండవారైనను లోయవారైనను, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు తలుపు మూయకుడు. ఇవి చిన్నపనులు. తొంబది ఓట్లును చిన్నవియే.

గెలిచినవారికి దండలు వేయుటకు జనులు ఎప్పుడును కొదువపడరు. ఓడినవారి ప్రక్కన మరునాటి ఉదయమున ఎందరు నిలిచిరను లెక్కను ఏ ఎన్నికల అధికారియు ప్రకటింపడు. ఆ లెక్కలో తొంబదియొకటవ పేరు మనది కావలెను.